చెల్లెలి దగ్గర కొన్న నిద్ర

పరుపు కొనడానికి వచ్చిన మనిషి పరుపు మీద పడుకోడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను కనిపెట్టిన సంగతి ఇది. బొటనవేలితో నొక్కుతాడు, మూల ఎత్తి బరువు చూస్తాడు, పిడికిలితో గుద్దుతాడు, సరుకు మంచిదేనా అని నన్నే అడుగుతాడు. నేను కాదంటానా? అంతా అయినాక చివరి మాట చెప్పప్పా అంటాడు. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఉన్న నా అంగడిలో ఒక పరుపును గోడవార పరిచి, పైన శుభ్రమైన దుప్పటి వేసి, 'పడుకుని చూడండి' అని బోర్డు కూడా పెట్టినాను. సిగ్గుపడి ఎవరూ పడుకోరు. పోయిన నెల పుత్తూరు నించి మా చెల్లెలు సుగుణ వచ్చింది. నడుమునొప్పికి పరుపు మార్చమన్నారట. చెప్పులు విడిచి, చేతిసంచి తల కింద పెట్టుకుని ఆ పరుపు మీద పడుకునింది. 'ఎట్లుండాది మే?' అని నేను అడిగేలోపలే నిద్రపోయింది.

నేను లేపలేదు. షట్టరు సగానికి దించినాను. మిట్టమధ్యాహ్నం వచ్చిన బేరాన్ని, అదీ పెళ్ళి బేరాన్ని, సాయంత్రం రమ్మని సైగ చేసి పంపించినాను. మా నాయన బతికుంటే నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసేవాడు. స్టూలు లాక్కుని సుగుణ పక్కన కూర్చున్నాను. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. కుడి బొటనవేలు చూపుడువేలు మధ్య చర్మం గట్టిగా కాయ కాసి ఉంది. అది గుడ్డ చించిన చెయ్యి. ఆ కాయ పడినప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు. అందులో సగం నా చేతికి పడాల్సింది.

అప్పట్లో మా నాయన అంగడి పుత్తూరులో. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవాలంటే ఎక్కడెక్కడి జనమో మా ఊరికే వస్తారు. కట్టు కట్టేవాళ్ళు వేరే. కట్టుకు కావలసిన సామాను అమ్మేవాళ్ళం మేము: గుడ్డకు సొన పూసేదానికి కోడిగుడ్లు, ఉడకబెట్టి ఆరేసిన పాత పంచెగుడ్డ, వెదురు బద్దలు, నూలు దారం. చెయ్యి విరిగినవాడు బేరమాడడు, పాపం. వాడిని పట్టుకుని వచ్చిన బామ్మర్ది మాత్రం తప్పకుండా బేరమాడతాడు. అందుకని నాయన ధరను బామ్మర్దికి సరిపడా కొంచెం ఎత్తులోనే పెట్టేవాడు. అరవదేశం నించి తొలి రైలు దిగినవాళ్ళు తెల్లారకముందే వరసలో కూర్చునేవాళ్ళు. వాళ్ళకంటే ముందు మా అంగడి తెరవాలి. తెల్లారకముందటి ఆ చీకటిని మా వైపు మబ్బు అంటారు. మా ఇంట్లో పనులన్నీ మబ్బులోనే మొదలయ్యేవి. నాయన మోపెడ్ మీద కోళ్ళఫారానికి గుడ్లకు పోయేవాడు. అమ్మ పొయ్యి అంటించేది. అవ్వ అంగడి తాళం తీసేది. పిల్లల్లో ఒకరు లేచి, ముందునాడు మిగిలిన గుడ్లను నీళ్ళతొట్టిలో వేసి తేలినవాటిని ఏరేసి, నాలుగు వేళ్ళ వెడల్పున గుడ్డ చించి చుట్టలు చుట్టాలి. తడిసిన గుడ్డ వాసన, పక్కన నూరే ఆకుపసరు వాసన, గుడ్డు నీచు, ఈ మూడూ కలిసి బడిదాకా మా వెంట వచ్చేవి. ఒకరోజు నా వంతు, ఒకరోజు సుగుణ వంతు. నాయన పెట్టిన పద్ధతి అది. న్యాయమైన పద్ధతి. చెడగొట్టింది నేను.

నాయనకు మరో పద్ధతి ఉండేది. పగటన్నం తిని, అంగడిలోనే బల్ల మీద తువ్వాలు పరుచుకుని రెండు గంటలు పడుకునేవాడు. ఆ రెండు గంటల్లో ఇల్లు కాలుతున్నా ఆయన్ను లేపకూడదు. లేచినాక ఆయన జ్ఞాపకం చూడాలి. మూడు నెలల కిందట ఒకసారి వచ్చిపోయిన మనిషిని గుమ్మంలో చూసి, 'ఏమప్పా, ఎడమ మోచెయ్యి కదా నీది, ఎద్దు తోసిందంటివి, ఎద్దును అమ్మేస్తివా?' అనేవాడు. వచ్చినవాడు నోరు తెరిచి చూసేవాడు. అట్లాంటివాడు ఇంకో అంగడికి ఎట్లా పోతాడు? ఆ జ్ఞాపకం ఇంట్లో ఒక్క సుగుణకే వచ్చింది. ఏడేళ్ళ పిల్ల నాయన పక్కన నిలబడి, 'కాదు నాయనా, ఆయప్పది కుడిది' అని దిద్దేది. నాకు వచ్చింది బేరమొక్కటే. నాలుగో తరగతి ఒకసారి తప్పి, నాకంటే ఏడాది చిన్నదైన చెల్లెలి పక్కన అదే బెంచీలో కూర్చున్న ఘనత కూడా నాదే.

ఆమె చదివే తీరు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. నేను పాఠాన్ని ఇరవైసార్లు గట్టిగా అరిచి చదివేవాణ్ణి. ఆమె సాయంత్రం ఒకసారి, మెల్లగా, వేలు పెట్టుకుని చదివి పుస్తకం మూసి ఎనిమిదికల్లా పడుకునేది. తెల్లారి అడిగితే పొల్లు పోకుండా చెప్పేది. 'ఎట్ల మే?' అని అడిగితే, 'లారీ నించి దించిన సరుకు మనం ఎప్పుడు సర్దేది? అంగడి మూసినాకనే కదన్నా. జనం నిలబడుకోనుంటే సర్దను అవతాదా? ఇదీ అంతే. పండుకుంటే సర్దుకుంటాది' అనింది. పద్నాలుగేళ్ళ పిల్ల చెప్పిన మాట. ఇన్నేళ్ళు నిద్రను అమ్ముకుని బతికినవాణ్ణి, ఇంతకంటే మంచి మాట నేను విననూ లేదు, చెప్పనూ లేదు.

పదో తరగతిలో చేరినప్పుడు నాయన నాకు పాత సైకిలు ఒకటి ఇప్పించినాడు. ఆడపిల్లకెందుకని సుగుణకు లేదు. ఆమె నా సైకిలు చుట్టూ తిరిగేది. బెల్లు తుడిచేది. 'అన్నా, ఒక్కసారి ఇయ్యన్నా' అనింది ఒకరోజు. కొనేవాడి గొంతులో ఆశ వినబడితే ధర చెప్పాలని మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. 'రేపు మబ్బులో నా వంతు నువ్వు చెయ్యి. సాయంత్రం రైలుగేటు దాకా తొక్కుకోని రా' అన్నాను. ఒప్పుకునింది. ఇంట్లో చెప్పకూడదు అన్నాను. దానికీ ఒప్పుకునింది. చేతిలో చెయ్యి వేసి మాట ఖాయం చేసుకున్నాం. మొదటి సాయంత్రమే తొక్కడం నేర్చుకునింది. మూడోవారం రైలుగేటు దగ్గర చేతులు రెండూ వదిలేసి, 'అన్నా, సూడు' అని ఒక కేక పెట్టింది. ఎదురెండలో ఆ మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నేను ఊరుకుంటానా? నెల తిరక్కముందే ఒక షికారుకు రెండు వంతులు చేసినాను. వానలు పడేసరికి నాలుగు. 'మొన్న రెండే కదన్నా?' అని ఆమె ఒకసారి గింజుకునింది. 'టైరు అరిగిపోతాంది మే, ఇష్టం లేకుంటే ఇడ్సిపెట్టు' అని సైకిలు గోడకు ఆనించి తాళం వేసినాను. బేరంలో ఆఖరి ఎత్తు అదే, సరుకు వెనక్కి లాక్కోవడం. ఆమె దిగివచ్చింది. ఆ తర్వాత నా వంతు అనేదే లేదు. ఏడాది పొడుగునా ప్రతి మబ్బులోనూ ఆమే లేచింది.

ఇంట్లో ఎట్లా తెలియలేదంటారా? అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. సుగుణ నా కుల్లాయి తలకు లాక్కుని, నా చొక్కా తొడుక్కుని కూర్చునేది. అవ్వ 'అబ్బోడా' అంటే 'ఊఁ' అనేది. 'మా అబ్బోడికి ఎంత ఒద్దికో, గుడ్డు ఒగటి పగలనీడు' అని అవ్వ వీధంతా చెప్పుకునేది. ఆ పొగడ్త కూడా నాకే జమ. నాయన ఫారం నించి వచ్చేసరికి నేను మొహం కడుక్కుని గుడ్డచుట్టల పక్కన నిలబడేవాణ్ణి. ఇక అమ్మ. అమ్మ చూపు బాగానే ఉండేది. ఆమె పొయ్యి దగ్గరికి పోవాలంటే నా చాప దాటుకునే పోవాలి. ప్రతిరోజూ దాటుకునే పోయింది. చలికాలంలో ఒకసారి నా మీద నించి జారిన దుప్పటిని మళ్ళీ కప్పి పోయింది. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

మొదట తేడా వచ్చింది అంగడిలో. ఒక ఆదివారం రెండో కట్టుకు వచ్చిన ముసలాయన్ను చూసి సుగుణ 'కుడి మణికట్టు' అనింది. ఆయనది ఎడమ కాలు. నాయన నవ్వేసినాడు. తర్వాత తరగతిలో పద్యం చెబుతూ మూడో పాదం దగ్గర ఆగిపోయింది. నోరు తెరుచుకుని, ఎవరో దాచేసినట్టు గది నలుమూలలా చూసింది. సోషలు అయ్యవారు సుద్దముక్క విసిరి, 'ఈ పాప కండ్లు తెరుచుకోనే నిద్రపోతా ఉండాది సూడండ్రా' అంటే అందరం నవ్వినాం. నేనూ నవ్వినాను. అర్ధసంవత్సర పరీక్షలో ఆమెకు నాకంటే తక్కువ వచ్చినాయి. మా అవ్వ దగ్గర దానికి కారణం సిద్ధంగా ఉండేది: పెద్దమనిషైన ఆడపిల్ల తెలివి జడలోకి దిగిపోతుందట. సరస్వతి ఆకు పచ్చడి చేసి పెట్టినారు. నానబెట్టిన బాదంపప్పు పెట్టినారు. మెడలో అంత్రం కట్టినారు. ఇవేవీ పని చెయ్యకపోయేసరికి, ఎక్కువసేపు చదివితే సరిపోతుందని తేల్చినారు. ఎనిమిదికి పడుకునే పిల్లను పదకొండు దాకా కూర్చోబెట్టినారు. ఆమె బకెట్టులో చన్నీళ్ళు పోసుకుని, కాళ్ళు అందులో పెట్టుకుని చదివేది. నాలుగు గంటలకు మళ్ళీ నా కుల్లాయి. అంగడి మూసేదెప్పుడు, సరుకు సర్దేదెప్పుడు?

కట్లు కట్టేచోట చెంగయ్య అని ఒక ముసలాయన పని చేసేవాడు. గుడ్డ కోసం మా అంగడికి వచ్చి, బెంచీ మీద కూర్చుని బీడీ కాల్చి పోయేవాడు. రోగులకు ఆయన ఒకే మాట చెప్పేవాడు: 'కట్టేది మేము. అతికేది నిద్రలో. పోయి పండుకో.' ఆ మాట నేను రోజుకు పదిసార్లు వినేవాణ్ణి. గుడ్డతో పాటు ఊరికే ఇచ్చే దారంముక్కలాగా అది మా అంగడిలో చవకైపోయింది. ఒకరోజు ఆయన గుడ్డచుట్ట తీసుకుంటూ సుగుణ మొహంలోకి చూసినాడు. 'ఈ బిడ్డకు యాడ ఇరిగిందప్పా?' అన్నాడు నాయనతో.

'యాడా ఇరగలేదే.'

'కండ్లు సూడు. పండుకోబెట్టు. పది దినాలు పండుకోబెట్టు.'

'పరీక్షలు తాతా. అయినాక పండుకుంటాదిలే.'

'అయినాక ఏముంటాది?' అని ఆయన బీడీ ఆర్పి పోయినాడు.

నేను అక్కడే గుడ్లు తుడుస్తున్నాను. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. తెలియక చేసినానని చెప్పుకుని బతికే అవకాశం ఆ ముసలాయన నాకు లేకుండా చేసినాడు. మర్నాడు నిజానికి నా వంతు. ధనుర్మాసం, చన్నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయే కాలం. ఈ ఒక్క నెల గడవనీ అనుకున్నాను. తర్వాత పరీక్షలు దగ్గరపడినాయి, నాకు నిద్ర అవసరం అనుకున్నాను. నాకు అవసరమే, నిజం. అప్పటికి నాకు కూడా ఒకసారి చదివితే నిలవడం మొదలైంది.

ఫలితాల పేపరు బస్టాండులో కొనుక్కొచ్చి, అంగడి బల్ల మీద పరిచి వెతికినాం. నా నంబరు ఉంది. నా పక్క నంబరు లేదు. సుగుణ ఆ ఖాళీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చునింది. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో చేరాలని, నీలం రంగు ఓణీ కూడా అనుకుని పెట్టుకునింది ఆమె. మళ్ళీ రాసుకోవచ్చని అయ్యవారు ఇంటికి వచ్చి చెప్పినాడు. నాయన కోపం చేసుకోలేదు. ఆయనది లెక్క ప్రకారం పోయే బుద్ధి. 'ఇద్దరికీ వంతులు సమానమే ఇస్తి కదా సామీ. ఒగ తిండే, ఒగ బడే. వాడు గట్టెక్కినాడు, ఇది తప్పింది. దేవుడు ఇచ్చినకాడికే కదా' అన్నాడు. నా వైపు తిరిగి, 'ఏమ్రా, నీ వంతు నువ్వు చేస్తివి కదా?' అని అడిగినాడు. అనుమానంతో కాదు, సాక్ష్యానికి.

సుగుణ తలెత్తి నన్ను చూసింది. ఆమె ఒక్క మాట అంటే చాలు. ఆమె అనదని నాకు తెలుసు. మా నాయన ఒకప్పుడు పొద్దున ఒప్పుకున్న ధరకు, సాయంత్రానికి ఆ ధర రెట్టింపైనా, బండెడు గుడ్డ తూచి ఇచ్చేసినాడట. మాటయిపోతే అయిపోయినట్టే అనే ఆ కథ మేమిద్దరం అన్నంలో కలుపుకుని తిన్నాం. ఆమెకు ఒంటబట్టింది. 'చేస్తి నాయనా' అన్నాను నేను. అవ్వ గోడవార నించి, 'అబ్బోడు ఒగనాడన్నా తప్పినాడా' అనింది. అమ్మ లోపలికి పోయింది. సుగుణ పేపరు మడిచి, 'నాకు తలలో నిలవదు నాయనా. అంగట్లో కూర్చుంటాలే' అనింది. ఆమె అబద్ధం చెప్పలేదు. నమ్మి చెప్పింది. నేను అందరికంటే ఎక్కువ తీసుకున్నది అక్కడే. చదువు పోతే ఇంకో చదువు వస్తుంది. తాను మొద్దునని పదిహేనేళ్ళకు నమ్మిన పిల్లకు ఏ ఆకు పచ్చడి పెడతారు?

నేను కాలేజీకి తిరుపతి వచ్చినాను. చదివిన చదువుకు ఉద్యోగం రాలేదు, బేరం అన్నం పెట్టింది. ఇప్పుడు నా పెద్ద ఖాతాదార్లు కోచింగు హాస్టళ్ళు. మొన్నొక హాస్టలాయన నూరు పరుపులు కావాలని వచ్చినాడు. మందంగా ఉండేవి చూపిస్తే, 'పలచనవి చాలప్పా, పిల్లోళ్ళు పండుకునేది నాలుగు గంటలే కదా' అన్నాడు. మా కాలంలో ఒక ఇంట్లో ఒక అన్న దొంగతనంగా చేసిన పని ఇప్పుడు ఊరంతా ఫీజు కట్టించుకుని చేస్తుంది. ఆ పిల్లలకూ బాదంపప్పు డబ్బాలు పార్సిల్లో వస్తాయి. ఆయనకు చెంగయ్య మాట చెబుదామని నోరు తెరిచినాను. నూరు పరుపుల బేరం. నోరు మూసుకుని పలచనవే లెక్కపెట్టి కట్టి పంపినాను. నేనేం మారలేదు.

సుగుణ గంటన్నర పడుకునింది. లేచి, ఎక్కడున్నానో తెలియనట్టు చూసి, కొంగుతో మొహం తుడుచుకునింది. 'లేపకూడదా అన్నా? ఒంటరిగా అంగట్లో పిల్లోణ్ణి ఇడ్సిపెట్టి వచ్చినా' అనింది. ఆ గంటన్నరలో నేను ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. టీ తెప్పించినాను. 'సుగుణా, పదో తరగతిలో నా వంతులన్నీ నువ్వే చేస్తివి' అన్నాను.

'యా వంతులు?'

'మబ్బులో. నా కుల్లాయి పెట్టుకోని. నేను నీకు సైకిలు ఇస్తా ఉంటి కదా, దానికి.'

ఆమె టీ ఊదుకుంటూ ఆలోచించింది. 'గుడ్డ చించేది గుర్తుండాది. అది ఇప్పుడూ చేస్తానే ఉండాను. సైకిలేంది? నాకు సైకిలు తొక్కను రాదే.'

'వచ్చు మే. రైలుగేటు దాకా పోయి వస్తా ఉంటివి. ఒకసారి చేతులు రెండూ వదిలేసి తొక్కితివి. అన్నా సూడు అని అరిస్తివి.'

'నేనా?' అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపి, నన్ను ఓదార్చేటట్టు అనింది: 'ఏమో అన్నా. ఆ యేడు నాకు ఏమీ గుర్తు లేదు. పరీక్ష పోయింది, అదొగటి తెలుసు. నాకు చదువు తలకెక్కలా.'

'తలకెక్కకపోవడం కాదు మే. నీ నిద్ర నేను...'

'ఎప్పటి మాటలో ఇడ్సిపెట్టు. బస్సుకు టైమయితాంది. దీని ధర చెప్పు.'

ఊరికే తీసుకుపొమ్మన్నాను. ఒప్పుకోలేదు. ఊరికే ఇచ్చే సరుకులో ఏదో లోపం ఉంటుందని మా నాయన చెప్పిన మాటే చెప్పింది. సరేనని ధర చెప్పినాను. ఆమె అందులో సగం అడిగింది. కాసేపు గింజుకున్నట్టు నటించి ఆమె అడిగినదానికే ఇచ్చినాను. అన్నను ఓడించినానని మొహం వెలిగిపోయింది. పరుపు చుట్టి, తాడు కట్టి, ఆటో మీదికి ఎక్కించినాను. ఆటో మలుపు తిరిగినాక లోపలికి వచ్చి ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఏడాది పొడుగునా నేను తీసుకున్నదానికి బదులుగా ఆమెకు నేను ఇచ్చింది ఆ సైకిలు షికార్లే. అవి కూడా ఆమె దగ్గర లేవు. రైలుగేటు, ఎదురెండ, వదిలేసిన రెండు చేతులు, ఆ కేక, అంతా నా దగ్గరే ఉండిపోయింది. ఆ యేడంతా తెల్లారేదాకా కంటినిండా నిద్రపోయినవాణ్ణి నేను కదా. ఒక్కటీ మరచిపోలేదు.